అందరికీ సమానమే

పాలకొల్లులో కబడ్డీ పోటీలకి రిఫరీగా ఉన్న రోజుల్లో, ఫైనల్లో మా సొంత తమ్ముణ్ణే ఔట్ ఇచ్చాను. గీత మీద కాలివేలు పడింది, నేను చూశాను, ఈల ఊదాను. వాడు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. మా అమ్మ నాకు అన్నం వడ్డిస్తూ కూడా మొహం అటు తిప్పుకునేది. నాకు మాత్రం ఆ ఈల తలుచుకుంటే మొన్నటి అక్టోబరు దాకా గర్వంగానే ఉండేది.

మా ఆవిడ వకుళ నన్ను గోడ మీద పిల్లి అంటుంది. ఇంట్లో తల్లీకూతుళ్ళు పోట్లాడుకుంటే నేను ఎవరి వైపూ మాట్లాడను మరి. వియన్నా వచ్చిన కొత్తలో, "మీరు పొరపాటున పాలకొల్లులో పుట్టారు గానీ, మీ దేశం ఇదేనండీ," అని ఏడిపించేది. ఆస్ట్రియా ఏ సైనిక కూటమిలోనూ చేరని దేశం. ఆ సంగతి గుర్తుంచుకోవడానికి ఇక్కడ ఏకంగా ఒక సెలవు రోజుంది, అక్టోబరు ఇరవై ఆరు. ఆ రోజు జనం పిల్లాపాపలతో కొండలెక్కి నడుస్తారు. మేమూ ఇక్కడి పౌరులమయ్యాక ఏటా నడిచేవాళ్ళం.

వకుళ నరాల శాస్త్రవేత్త. నేను ఆవిడ ప్రయోగశాలలోనే పరికరాలు సరిచూసే పని చేసేవాణ్ణి. వాళ్ళ పెద్దక్క ఎముకల కేన్సర్‌తో పోయింది. చివరి నెలలో మంచం దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ, "నీ నొప్పి నేను తీసుకోగలిగితే ఎంత బాగుండునే," అని ఏడ్చి వెళ్ళేవారు. వకుళ ఆ మాటని పట్టుకుంది.

"అందరూ తీసుకుంటామనేవాళ్ళేగా. ఇచ్చి చూద్దాం," అంది.

పదకొండేళ్ళు పట్టింది. మెంతిగింజంత వస్తువు, మెడ వెనక చర్మం కింద పెడతారు. మొదటిసారి మా ఇద్దరి మెడల్లోనే పెట్టుకున్నాం. వకుళ వేడి గరిటె తన మణికట్టుకి ఆనించుకుంది. నా మణికట్టు చురుక్కుమంది, ఆవిడ మొహంలో బాధ అక్కడికక్కడే సగం సర్దుకుంది. మూడో మనిషిగా మా అమ్మాయి తరళ చేరతానని పట్టుబట్టింది. అప్పుడు దానికి పద్దెనిమిది నిండాయి. మళ్ళీ గరిటె. తరళ నవ్వేసింది.

"నాకేం తెలియలేదే? నాన్న మాత్రం ఎగిరిపడ్డారు."

చూస్తే, ఎవరి వంతు ఎంతో నిర్ణయించే పెట్టె మీద తరళ నాబ్‌ని వకుళ చాటుగా సున్నా దగ్గరికి తిప్పేసింది. దాని వంతు మా ఇద్దరి మీదా పడింది.

"ప్రయోగంలో ఈ మోసం ఏమిటి వకుళా?" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది నాకు.

"కన్నదాన్ని, మోసం చేస్తాను," అంది. తర్వాత నోట్సు రాసుకుంటూ, "ఒకరు తగ్గించుకుంటే నొప్పి మాయమైపోదు, మిగతావాళ్ళ మీద పడుతుంది. దీన్ని పంచగలం గానీ చంపలేం," అంది. ఆ యంత్రం గురించి తెలుసుకోవాల్సింది అంతే. తక్కినదంతా తీగలూ సర్క్యూట్లూ.

ఆస్పత్రుల కోసం చేసిన వస్తువు కూటమి కంటపడింది. ఇరవై దేశాల కూటమి అది. ఒకరి మీద దెబ్బ పడితే అందరి మీదా పడినట్టేనని వాళ్ళ ఒప్పందం. అయితే బాల్టిక్ ఒడ్డున, తూర్పు సరిహద్దు మీద ఒక చిన్న దేశం ఉంది. ముందు దెబ్బ తినేది తామేనని వాళ్ళకి తెలుసు. "కాగితం బాగానే ఉంది. మా వంతెన మీద బాంబు పడిన రోజున, రెండు వేల మైళ్ళ అవతల ఉన్నవాడికి అది నొప్పి ఎలా అవుతుంది?" అని అడిగారు. దానికి జవాబుగా పూచీ మనుషుల పద్ధతి పుట్టింది. దేశానికి ఒక మనిషి. అందరి మెడల్లోనూ గింజ. ఒక దేశం మనిషికి దెబ్బ తగిలితే ఆ నొప్పి ఇరవై మందికీ సమానంగా పంచుకుపోతుంది. తమ మనిషి కళ్ళెదుట గిలగిల్లాడుతుంటే ఏ పార్లమెంటూ చర్చల పేరుతో కాలయాపన చెయ్యలేదు. చెయ్యలేదని తెలిస్తే శత్రువు అసలు బాంబే వెయ్యడు.

మిగతా దేశాలు తమ మనుషుల్ని రాజధానుల్లో ఉంచుకున్నాయి. ఆ చిన్న దేశం తన మనిషిని సరిహద్దు ఊళ్ళోనే, వంతెన పక్కన ఉంచింది.

ఇరవై నాబ్‌లున్న పెట్టెని తమలో ఎవరి చేతిలో పెట్టడానికీ వాళ్ళకి నమ్మకం చాలలేదు. అందుకని అది వియన్నాలో ఉండిపోయింది. దాని తాళం, ఏ పక్షమూ లేని దేశపు పౌరుడినీ ఏ పక్షమూ వహించని మనిషినీ అయిన నాకు ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ.

తరళ అప్పటికి లిస్బన్‌లో ఫిజియోథెరపిస్టుగా చేస్తోంది. పోర్చుగల్ పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదు. పూచీ మనిషి కోసం లాటరీ తీస్తున్నారని తెలిసి పేరిచ్చింది, దాని పేరే వచ్చింది. ఈ మాట చెప్పడానికి వియన్నా వచ్చింది.

"అక్కడ పుట్టినవాళ్ళు కోటిమంది ఉండగా నువ్వెందుకే?" అంది వకుళ, పెసరట్టు తిరగేస్తూ.

"వాళ్ళని ఎవరూ ఏమీ అడగరమ్మా. నన్ను మాత్రం బస్సెక్కినా కూరగాయలు కొన్నా మీదే దేశం అని అడుగుతారు. ఒక్కసారి వాళ్ళ తరఫున నిలబడితే ఇంక అడగరు."

వకుళ నా వైపు చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. పెసరట్టు బాగుందన్నాను.

గింజలు పెట్టించుకోవడానికి ఇరవై మందీ వియన్నా వచ్చారు. సరిహద్దు దేశం నుంచి వచ్చినావిడ పేరు ఇల్గా. యాభై దాటిన మనిషి, సైకిల్ మీద ఉత్తరాలు పంచే ఉద్యోగం. తరళకి ఆవిడతో ఒక్క పూటలో స్నేహం కుదిరింది. ఇల్గా తన చేత్తో అల్లిన ఎర్రంచు ఉన్ని తొడుగులు దాని చేతులకి తొడిగింది. ఇది ఆవిడకి మాగాయ తినిపించి కళ్ళనీళ్ళు పెట్టించింది.

ఇరవై నాబ్‌లూ సరిగ్గా యాభై మీద నిలబెట్టాను. తరళ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అందరికీ సమానమే కదా నాన్నా?"

"సమానమే."

ఆ రోజు అది నిజం.

నాలుగు నెలల తర్వాత మొదటి దూత వచ్చాడు. పెద్ద దేశం, మంచి కోటు. తమ మనిషికి గుండె కొంచెం బలహీనమట, కాస్త తగ్గించగలరా అన్నాడు. నిబంధనల్లో ఆ వీలుంది. ఏ దేశమైనా తన నాబ్ గురించి తను కోరవచ్చు, సంరక్షకుడు, అంటే నేను, ఆ కోరిక తీర్చాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. నేను తగ్గించాను. తర్వాత మరొకరు. వాళ్ళ మనిషి పాలిచ్చే తల్లట. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కారణాలు చెప్పడం కూడా మానేశారు. ప్రతివాడూ తానొక్కడే అడుగుతున్నానని అనుకున్నాడు. తన ఒక్క వంతు తగ్గితే కొంపలేం మునుగుతాయని అనుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి పద్దెనిమిది నాబ్‌లు సున్నా పక్కకి చేరిపోయాయి. యాభై మీద రెండే మిగిలాయి. ఒకటి ఇల్గాది, రెండోది తరళది.

ఈ లెక్క నాకు తెలియదా అంటే, తెలుసు. అయినా నా కళ్ళ ముందు అదొక లెక్కగానే ఉండిపోయింది. యుద్ధం రాకుండా ఉండటానికే కదా ఇదంతా, రాని యుద్ధానికి వంతులేమిటి అనుకున్నాను. పోనీ తరళది నేనే తగ్గిస్తే? అడగనివాళ్ళకి తగ్గించడం పక్షపాతం, అదీ సొంత కూతురికి. పోర్చుగల్ వాళ్ళు ఆ నిర్ణయం తమ మనిషికే వదిలేశారు. అది అడగాలి, అడిగితే ఆ క్షణాన తిప్పేస్తాను. అడగడానికి దానికి మిగతావాళ్ళ సంగతి తెలియాలి. అది చెప్పకూడదని నేను ప్రమాణం చేశాను.

ఒకసారి ఫోన్లో నీళ్ళు నమిలాను. "ఏమైనా మార్చుకోవాలంటే అడగొచ్చమ్మా, నీకు హక్కుంది," అన్నాను.

"నేనెందుకు అడుగుతాను నాన్నా? అందరికీ సమానమేగా. నువ్వున్నావుగా అక్కడ."

లిస్బన్‌లో వానలు పడుతున్నాయా అని అడిగాను.

వకుళకీ చెప్పలేదు. అప్పటికి ఆవిడ మళ్ళీ ఆస్పత్రి పరిశోధనకి వెళ్ళిపోయింది, పెట్టె గదికి వచ్చేది కాదు.

అక్టోబరు ఇరవై ఆరున ఆవిడ స్నేహితురాళ్ళతో కొండ నడకకి వెళ్ళింది. ఆ రోజు కాపలా నాదే. పొద్దున్న పది దాటి ఏడు నిమిషాలకి గంట మోగింది. పెట్టె పక్కనున్న తెర మీద ఇల్గా నొప్పిని చూపే గీత నిటారుగా లేచింది. దాని వెంటే తరళ గీత. మిగతా పద్దెనిమిదీ కొద్దిగా కదిలి ఊరుకున్నాయి.

వంతెన మీద బాంబు పడింది. పక్కనున్న పోస్టాఫీసు కూలింది. ఇల్గా రెండు కాళ్ళూ దూలం కింద ఉన్నాయి.

పద్దెనిమిది పార్లమెంట్లలో పూచీ మనుషుల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. టీవీలో చూపిస్తున్నారు. ఒకాయన మంచినీళ్ళు తాగాడు. ఒకావిడ మోకాళ్ళు రుద్దుకుంటూ, కొంచెం లాగుతున్నట్టుంది అంది. వాళ్ళని చూసి నాయకులు ఊపిరి పీల్చుకున్నారు. ఇదేదో చిన్న చొరబాటు, తొందరపడాల్సిన పని లేదు, రేపు సమావేశమవుదాం అన్నారు.

పదకొండు గంటలకి లిస్బన్ నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. వెనక అరుపులు వినపడుతున్నాయి. ఇరవై ఏడేళ్ళు పెంచాను, అది ఎవరి గొంతో నాకు తెలియదా.

"మీ యంత్రంలో ఏదో లోపం ఉంది, మా పార్లమెంటు కూడా అదే అంటోంది. మిగతా దేశాల వాళ్ళకి ఏమీ లేదు. ఈ అమ్మాయి ఒక్కతే ఇలా ఎందుకుంది? మత్తు మందు కూడా పనిచెయ్యట్లేదు."

"లోపం లేదు," అన్నాను.

"అయితే ఈవిణ్ణి మీ పెట్టె నుంచి విడదీసెయ్యండి."

"అది ఆవిడే అడగాలి."

ఫోను తరళ చెవి దగ్గర పెట్టినట్టున్నారు. కాసేపు ఊపిరే వినపడింది. తర్వాత, ముక్కలు ముక్కలుగా మాటలు.

"నాన్నా... నేను తప్పుకుంటే... ఇల్గాకి ఏమవుతుంది?"

అంతా ఇల్గా మీదే పడుతుంది, ఆవిడ గుండె ఆగిపోతుంది. ఆ మాట చెప్పాను, అది నిజం కాబట్టి.

"మిగతావాళ్ళు... వాళ్ళకీ ఇలాగే ఉందా? అందరికీ... సమానమేనా?"

లేదమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అది అడిగేది, నేను తిప్పేవాణ్ణి. అసలు అడగకపోయినా, ఆ పద్దెనిమిదీ నేనే యాభైకి తిప్పేస్తే ఎవరు ఆపుతారు? నా చేతికీ వాటికీ మధ్య జానెడు దూరం. కానీ పద్దెనిమిది దేశాలకి మాటిచ్చాను. ఆ మాట తప్పితే ఇక ఏ దేశమూ ఏ తటస్థుణ్ణీ నమ్మదనుకున్నాను. కూతురు అరుస్తుంటే నేను ఆలోచించింది అదీ.

"సమానమే," అన్నాను.

"అయితే... ఓర్చుకుంటాను. ఆపొద్దు," అంది తరళ.

నిబంధన ప్రకారం పద్దెనిమిది దేశాలకీ ఫోన్లు చేశాను. నాబ్‌ని మొదటి స్థానానికి తేవడానికి మీ అనుమతి కోరుతున్నాను అన్నాను. పరిశీలిస్తామన్నారు. కొందరు, ఈ విషయం బయటికి పొక్కదు కదా అని అడిగారు. ఒక్క వకుళకి మాత్రం చెయ్యలేదు. చేస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు.

ఆవిడ ట్రాములో వార్త చూసి పరిగెత్తుకొచ్చింది. అప్పటికి రెండున్నర అయింది. బూట్ల నిండా కొండ బురద. తెర వైపు చూసింది, పెట్టె వైపు చూసింది.

"ఇవన్నీ సున్నా దగ్గర ఉన్నాయేంటండీ?"

నేను ఆవిడ బూట్ల బురద వైపు చూశాను.

"ఎవరు తిప్పారు?"

"వాళ్ళే అడిగారు. ఒక్కొక్కరే."

"తరళ?"

"అది అడగలేదు."

వకుళ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఒక కుర్చీని జరిపినట్టు పక్కకి జరిపింది. రెండు చేతులతో, వరసగా, పద్దెనిమిది నాబ్‌లూ యాభైకి తిప్పింది. నేను ఆపలేదు, సాయమూ చెయ్యలేదు. అప్పుడు కూడా.

పద్దెనిమిది పార్లమెంట్లలో పద్దెనిమిది మంది ఒకేసారి కుర్చీల్లోంచి కింద పడ్డారు. మంచినీళ్ళు తాగినాయన గ్లాసు పగిలింది. నలభై నిమిషాల్లో ఓట్లు పడ్డాయి, విమానాలు లేచాయి. సాయంత్రానికి వంతెన అవతలి సైన్యం వెనక్కి తగ్గింది. ఇల్గాని దూలం కింద నుంచి తీశారు. కాళ్ళు పోయాయి, మనిషి బతికింది.

నాబ్‌లు ఎవరు తిప్పారని ఇప్పటిదాకా ఏ దేశమూ అడగలేదు. అడగాలంటే తాము అంతకుముందు తగ్గించుకున్నామని ఒప్పుకోవాలి. నిష్పక్షపాతంగా విధి నిర్వహించినందుకు కూటమి నాకు ప్రశంసాపత్రం పంపింది. వకుళ దాన్ని విప్పకుండానే తీసుకెళ్ళి నా దిండు మీద పెట్టింది. ఆ పక్కన పడుకోవడం మానేసింది.

తరళ కూడా బతికింది. పదిమంది మోయాల్సిన నొప్పి నాలుగున్నర గంటలు ఒక్క ఒంట్లోకి వెళ్ళేసరికి దాని నరాలు మొద్దుబారిపోయాయి. చూపుంది, వినికిడి ఉంది, గోడ పట్టుకుని నడుస్తుంది. స్పర్శ లేదు. వేడీ చల్లనా, మెత్తనా గరుకూ ఏదీ తెలియదు. తిరిగి రావచ్చా అని డాక్టర్లని అడిగాను. వకుళని మాత్రం అడగలేదు. ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది.

డిసెంబరులో లిస్బన్ వెళ్ళాను. తరళ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. వేళ్ళకి కట్టు. కాఫీ గిన్నె పొయ్యి మీంచి వట్టి చేతులతో దించిందట, కాలిన వాసన వచ్చేదాకా తెలియలేదట. ఒళ్ళో ఇల్గా పంపిన కొత్త ఉన్ని తొడుగులున్నాయి, ఈసారి నీలం అంచు.

"చక్రాల కుర్చీలో కూర్చుని అల్లిందట నాన్నా. ఉన్ని ఎలా ఉందో నువ్వు చూసి చెప్పు."

"మెత్తగా ఉందమ్మా," అన్నాను.

"కూరగాయల కొట్టు ఆవిడ నిన్న వచ్చింది. మీదే దేశం అని అడగలేదు. మా అమ్మాయి అంది." తరళ నవ్వింది. ఆ నవ్వు చూసి నేను చచ్చిపోయినా బాగుండుననిపించింది.

దాని పక్కన కూర్చుని, కట్టు లేని ఎడమ చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను. అది కిటికీ లోంచి వీధిలోకి చూస్తోంది. నేను చెయ్యి పట్టుకున్న సంగతి దానికి తెలియలేదు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నా వేళ్ళు ఎర్రబడేలా పట్టుకునేది.

"మిగతావాళ్ళు ఎలా ఉన్నారు నాన్నా? వాళ్ళకీ ఇలాగే అయిందా? ఎవరూ ఏమీ చెప్పరేంటి? అందరం ఒకలాగే ఉన్నామంటే, నాకు ఇది పెద్ద కష్టంగా ఉండదు."

రెండుసార్లు చెప్పిన మాట మూడోసారి నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే దానికి కాస్త ఊరట, నాకు ఇంకా కూతురు. వకుళ అయితే చెప్పేది. కన్నదాన్ని, మోసం చేస్తాను అనేది. నాకు ఆ మోసం కూడా చేతకాలేదు.

"కాదమ్మా," అన్నాను. "సమానం కాదు."

మొత్తం చెప్పాను. దూతల సంగతి, నాబ్‌ల సంగతి, ఫోన్లో అది అడిగినప్పుడు నా చేతికీ పెట్టెకీ మధ్య ఉన్న జానెడు దూరం. అది వీధిలోకి చూస్తూనే విన్నది. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తర్వాత తల తిప్పింది. నా మొహం వైపు చూడలేదు. తన చెయ్యి ఎక్కడుందో తనకి తెలియదు కాబట్టి, కిందికి చూసి వెతుక్కుంది. అది నా చేతుల్లో ఉండటం చూసింది. చూసి, మెల్లగా వెనక్కి తీసుకుంది.